డాయిచ్‌లాండ్ ఓడ: 14వ చరణం ఛందస్సు లెక్క

ఇంగ్లీషు కవి హాప్కిన్స్ రాసిన ‘ది రెక్ ఆఫ్ ది డాయిచ్‌లాండ్’ మొత్తం 35 చరణాలు. 1875 డిసెంబరులో థేమ్స్ ముఖద్వారం దగ్గర కెంటిష్ నాక్ అనే ఇసుకమేటకు తగులుకున్న ఓడ కథ. మొదటి భాగంలోని 10 చరణాల లెక్కా అయిపోయింది. ఇప్పుడు ఓడ మేటనెక్కే 14వ చరణం.

నోట్‌బుక్‌లో గీత విడిచి గీత మీద ఒక్కో పాదం రాసుకుని, ఊనిక (పలికేటప్పుడు అక్షరం మీద పడే ఒత్తు) పడే చోట పైన పెన్సిల్‌తో టిక్కు పెడుతున్నాను. గురులఘువులతో ఇక్కడ పని లేదు. రెండో భాగంలో ఎనిమిది పాదాలకు వరసగా 3, 3, 4, 3, 5, 5, 4, 6 ఊనికలు. మధ్యలో తేలిక అక్షరాలు ఎన్ని వచ్చినా సరే.

నెల్లూరు మూలాపేటలో మా వీధి తెలుగు మాస్టారు నోట్‌బుక్ చూసి, “పాదానికో తీరుగా అక్షరాలుంటే అది పద్యమేందబ్బా?” అన్నారు. ఉత్పలమాల 20 అక్షరాల లెక్కన ఆయన మాట నిజమే. ఆటవెలది అయితే కొంత దగ్గర: గణాల సంఖ్య మారదు, అక్షరాలు మారతాయి. కాకపోతే సూర్యగణానికి మూడు మాత్రలే అన్న కట్టడి ఇక్కడ లేదు.

అంత్యప్రాసలో 2, 4, 6 పాదాలు (రాక్, నాక్, షాక్), 5, 7 పాదాలు (కీల్, వీల్) తేలిక. చిక్కంతా 1, 3, 8తోనే. మొదటిది ‘లీవర్డ్’, నావికుల నోట ‘లూఅర్డ్’. ఎనిమిదోది ‘ఎండ్యూర్డ్’. మూడోది ‘డ్రూ హర్’ అని ఆగిపోతుంది, చివర డకారం లేదు. అది నాలుగో పాదం మొదటి మాట ‘డెడ్’ నుంచి రావాలి! అంటే పాదం చివర ఊపిరి తీసుకోకూడదు. ఫోన్‌లో రెండు రకాలుగా రికార్డు చేసి విన్నాను. కలిపి చదివితేనే ప్రాస వినబడింది. మాట పాదం దాటి సాగడం మన పద్యానికి మామూలే గనుక నోటికి కష్టం కాలేదు. (రికార్డింగ్ తలుపులు మూసుకుని చేయాలి. మైపాడు సముద్రం ఒడ్డున గాలి హోరు తప్ప ఏమీ పడదు.)

ఐదో పాదంలో బీట్, బ్యాంక్, బౌజ్ చూసి మాస్టారు యతి అన్నారు. స్థానం నియమం లేదు కాబట్టి నా లెక్కలో అది వృత్త్యనుప్రాసే, అంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం.

ఎనిమిదో పాదంలో ‘దీజ్’ మీద ఊనిక వేస్తేనే 6 వస్తాయి, లేకపోతే 5. దాని ముందు కామా ఉంది, గొంతు ఎలాగూ అక్కడ ఆగి ఎత్తుకుంటోంది. టిక్కు పెట్టేశాను. ఇక 15వ చరణం.