పాత ల్యాప్‌టాప్‌లో గోల్కొండ కోట

మేం ఐదుగురం కూకట్‌పల్లి, ఉప్పల్, అమీర్‌పేటల్లో ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఆన్‌లైన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథను నడిపే ఆట అది. కథ చెబుతూ ఆట నడిపించే గేమ్ మాస్టర్‌ని నేను. ఈసారి కథ గోల్కొండలో నడపాలని ఎంతో ఇష్టపడ్డాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండపైన బాలాహిసార్‌లో వినిపిస్తుంది కదా, శత్రువుల కోటలోకి చాటుగా దూరే ఆటకి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

కోటను బాగా కుదించి ఒకే మ్యాప్‌గా గీశాను. గడికి 5 అడుగుల లెక్కన అటు 80 గడులు, ఇటు 80. గడికి 100 పిక్సెళ్లు. ఆటకు ముందు అందరినీ ఒకసారి తెరిచి చూడమన్నాను. నా కంప్యూటర్‌లో హాయిగా కదిలింది. అమీర్‌పేట హాస్టల్‌లో ఉండే మా పిన్ని కొడుకు మాత్రం, "అక్కా, ఆట తెరుచుకుంది గానీ మ్యాప్ రావట్లేదు, అంతా తెల్లగా ఉంది" అన్నాడు. వాడిది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

అందరి అనుమానం హాస్టల్ వైఫై మీదకే పోయింది. జేపీజీగా ఉన్న ఫైల్‌ని వెబ్‌పీ అనే ఇంకో బొమ్మ ఫార్మాట్‌లోకి మార్చి ఫైల్ సైజు సగానికి తగ్గించాను. డౌన్‌లోడ్ త్వరగా అయింది, తెర మాత్రం తెల్లగానే ఉంది. అంటే ఇబ్బంది నెట్‌ది కాదు, మెమరీది.

ఎండిన వడియం నూనెలో పడగానే పొంగినట్టు, ఫైల్ ఎంత చిన్నదైనా గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లేసరికి పూర్తిగా విప్పుకుంటుంది. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. మన మ్యాప్ 8000 × 8000, అంటే 6.4 కోట్ల పిక్సెళ్లు, 256 ఎంబీ! విడి కార్డు లేని ల్యాప్‌టాప్ దాన్ని ఉన్న ర్యామ్‌లోంచే తీసుకోవాలి. పైగా కొన్ని పాత చిప్‌లు, ఫోన్లు ఒక వైపు 4096 పిక్సెళ్లు దాటిన బొమ్మను ఒకే ముక్కగా తీసుకోలేవు. తమ్ముడి ల్యాప్‌టాప్ హద్దు సరిగ్గా అదే అని బ్రౌజర్‌లో చూస్తే తెలిసింది.

అక్కడి నుంచి నా లెక్క తిరగబడింది. మ్యాప్ ఎంత పెద్దగా ఉండాలో నా కంప్యూటర్ కాదు, వాడి ల్యాప్‌టాప్ చెప్పాలి.

గడి పరిమాణం తగ్గిద్దామా అనుకున్నాను. ఇలాంటి ఆటలు ఆన్‌లైన్‌లో ఆడుకునే ప్రోగ్రామ్‌లలో, రోల్20లో గడికి మామూలుగా 70 పిక్సెళ్లు, ఫౌండ్రీలో 100. 70కి దించితే మ్యాప్ 5600 × 5600 అవుతుంది, మెమరీ సగానికంటే తక్కువకు పడుతుంది. అయినా 4096 దాటుతోంది. ఇంకా దించితే రాతి గోడల గీతలు మసకబారుతున్నాయి. అది నాకు ఒప్పలేదు. అందుకే కోటనే విడగొట్టాను. ఫతే దర్వాజా, దాని ముందరి ఖాళీ స్థలం కలిపి 40 × 30 గడులు, గడికి 100 పిక్సెళ్లే. 4000 × 3000, మెమరీలో 48 ఎంబీ. తమ్ముడికి వెంటనే కనిపించింది.

మ్యాప్ మీద పాత్రను చూపే బిళ్ల, అదే టోకెన్, కదిలినప్పుడు మాత్రం ఇంకా ఆగి ఆగి నడిచింది. అది పాత్రల చూపుకి అడ్డంగా ప్రోగ్రామ్‌లో నేను గీసిన గోడల వల్ల. టోకెన్ జరిగిన ప్రతిసారీ ఎవరికి ఏది కనిపిస్తుందో ప్రోగ్రామ్ మళ్లీ లెక్కేస్తుంది. వంకర బురుజుల వెంట నేను పొట్టి పొట్టి గోడ గీతలు బోలెడు పెట్టాను. వాటి బదులు కొన్ని పొడుగాటి గీతలు వేసి, ఊరికే అందానికి పెట్టిన దీపాలు తీసేశాక కదలిక సాఫీ అయింది.

బాలాహిసార్‌కి ఎక్కే మెట్ల దారి 20 గడుల వెడల్పు, 60 గడుల పొడవు. మెమరీ లెక్క బాగానే ఉన్నా, పొడవు 6000 పిక్సెళ్లు. దాన్ని మధ్యలో ఒక మలుపు దగ్గర కోసి రెండు సీన్లు, అంటే రెండు వేర్వేరు మ్యాప్‌లు, చేశాను. కింది సీన్‌లో కొట్టిన చప్పట్లు పై సీన్‌లోని కాపలావాళ్లకి వినిపించాయని నేనే నోటితో చెబుతాను.