పింగ్ ఒకవైపే వెళ్తోంది: సీసీఎన్‌ఏ ల్యాబ్, మూడో వారం

శనివారం

సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏకి చదువుతున్నాను కదా, ల్యాబ్ సామాన్ల కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, అంటే ఎలక్ట్రానిక్స్ బజారుకు, వెళ్లొచ్చాను. మారతహళ్లిలో బస్సెక్కి కార్పొరేషన్ దగ్గర దిగి, అక్కణ్నుంచి నడక. రెండు వారాలు ప్యాకెట్ ట్రేసర్‌లో (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) బాగానే సాగింది గానీ, చేత్తో కేబుల్ గుచ్చి, పోర్టు లైటు నారింజ నుంచి పచ్చకు తిరిగేదాకా అర నిమిషం ఊపిరి బిగబట్టి చూసే సరదా అందులో లేదు. పాత సామాన్ల కొట్లో "ఎష్టు అణ్ణా?" అని నాకొచ్చిన కన్నడంలో అడిగితే ఆయన హిందీలో రేటు చెప్పాడు. చివరికి ఇద్దరం క్యాలిక్యులేటర్ మీద అంకెలు కొట్టుకుంటూ బేరం తెగ్గొట్టాం. సిస్కోవి రెండు 2960 స్విచ్‌లు, ఒక 1841 రౌటర్, వాటిలో కమాండ్లు కొట్టడానికి ఒక కన్సోల్ కేబుల్. పరీక్ష ఫీజే 300 డాలర్లు, దాని ముందు ఇదెంతలే అని సర్దిచెప్పుకున్నాను.

ఒక స్విచ్‌కు పాస్‌వర్డ్ ఉంది. కరెంటు వైరు పీకి, ముందున్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ గుచ్చితే వేరే ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ఫ్లాష్ ఇనిట్ కొట్టి, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు పేరు మార్చి బూట్ చేస్తే సరి. కానీ కాన్ఫిగ్ మొత్తం చెరిపేశాక కూడా వీల్యాన్‌లను (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లను) చూపించే 'షో వీల్యాన్ బ్రీఫ్' కొడితే ఎవరిదో ఆఫీసు కళ్లముందుకొచ్చింది. అకౌంట్స్, సీసీటీవీ, గెస్ట్, ఎండీ క్యాబిన్! వీల్యాన్‌లు స్టార్టప్ కాన్ఫిగ్‌లో కాదు, ఫ్లాష్ మెమరీలో 'vlan.dat' అనే వేరే ఫైల్లో ఉంటాయని చదివాను గానీ, బుర్రకెక్కింది మాత్రం ఇప్పుడే. ఆ ఫైలు డిలీట్ చేసి రీలోడ్ ఇచ్చాను. సెకండ్ హ్యాండ్ స్విచ్ కొన్నవాళ్లు ట్రంక్ (అన్ని వీల్యాన్‌లనీ మోసే లింకు) కలపకముందే ఈ పని చేయండి. వీటీపీ అంటే స్విచ్‌లు వీల్యాన్ లిస్టును ఒకదానికొకటి పంచుకునే పద్ధతి. కొత్త స్విచ్‌కు వీటీపీ డొమైన్ పేరు లేకపోతే, పాతది తన డొమైన్‌నీ వీల్యాన్ లిస్టునీ దానికి కూడా అంటిస్తుంది. నేను రెండింటినీ ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో, అంటే ఒకదాని లిస్టు ఇంకొకటి తీసుకోకుండా, పెట్టేశాను.

ఆదివారం

పీజీలో మధ్యాహ్నం చికెన్ తిని కూర్చున్నాను. రౌటర్ నుంచి ఒకే కేబుల్ మొదటి స్విచ్‌కి, అక్కణ్నుంచి ట్రంక్ రెండో స్విచ్‌కి. వీల్యాన్‌ల మధ్య రాకపోకలన్నీ రౌటర్‌కున్న ఆ ఒక్క కేబుల్ మీదే, అంటే రౌటర్ ఆన్ ఏ స్టిక్. నా ఉబుంటు లాప్‌టాప్ మొదటి స్విచ్‌లో, వీల్యాన్ 10, అడ్రస్ 192.168.10.10. రూమ్మేట్ విండోస్ లాప్‌టాప్ రెండో స్విచ్‌లో, వీల్యాన్ 20, అడ్రస్ 192.168.20.10. రెండింట్లోనూ వైఫై ఆపేయాలి. లేకపోతే గేట్‌వేలు (బయటికి దారులు) రెండైపోయి, ప్యాకెట్ ఏ దారిన పోతోందో మనకే తెలియదు. "మామా, నీ చదువుకి నా మ్యాచ్ పోయింది" అని వాడి గోల.

రౌటర్ పోర్టును వీల్యాన్‌కొకటిగా విడదీయడానికి సబ్ ఇంటర్‌ఫేస్ 0/0.20 అని పెడతాం కదా, ఆ చివరి 20కి అసలు అర్థమే లేదు. మనకు గుర్తుండటానికే. వీల్యాన్ నంబరు లెక్కలోకొచ్చేది 'ఎన్‌క్యాప్సులేషన్ డాట్ వన్ క్యూ 20' అన్న లైనులో. ఆ లైను ముందు కొట్టకపోతే ఐపీ అడ్రస్ కూడా తీసుకోదు. నేను తొందరలో అక్కడ 2 కొట్టి సున్నా మింగేశాను. అది పది నిమిషాల్లో దొరికింది. దీని గురించి ఇంతకంటే చెప్పను, సిగ్గుచేటు.

అది సరిచేశాక మొదలైంది అసలు కథ. అడ్రస్‌లలో 192.168 వదిలేసి చెప్తాను; 10.1, 20.1 రౌటర్‌వి. పింగ్ (ఉన్నావా అని పలకరించి జవాబు కోసం చూడటం) నా దగ్గర్నుంచి 10.1కి వెళ్తోంది. 20.1కి కూడా వెళ్తోంది. రూమ్మేట్ 20.10కి మాత్రం వెళ్లట్లేదు. రౌటర్ మీద అనుమానంతో 'షో ఐపీ రూట్' ఎన్నిసార్లు చూశానో. రెండు నెట్‌వర్క్‌లూ కనెక్టెడ్ అని బుద్ధిగా చూపిస్తోంది. రౌటర్‌లోంచే 20.10కి కొట్టినా అయిదు చుక్కలే, అంటే జవాబు లేదు. విసుగొచ్చి, వాడి లాప్‌టాప్ నుంచి నాకు పింగ్ కొట్టమన్నాను. టకటకా నాలుగు రిప్లైలు!

ఇక్కడ చాలాసేపు తప్పుగా ఆలోచించాను. వాడి నుంచి నాకు దారి ఉంది, నా నుంచి వాడికి లేదు, కాబట్టి ఒకవైపు రూటింగ్ పాడైంది అనుకున్నాను. కానీ పింగ్ అంటే వెళ్లిరావడం. వాడి పింగ్ పూర్తయిందంటే నా జవాబు వాడి దాకా చేరినట్టే కదా. అంటే దారి రెండువైపులా శుభ్రంగా ఉంది. గుమ్మం దాకా వచ్చినవాణ్ని ఇంట్లోవాళ్లు పలకరించట్లేదంతే. రౌటర్‌లో 'షో ఏఆర్‌పీ' (ఏ ఐపీది ఏ మ్యాక్ అని అడిగి రాసుకున్న పట్టిక) చూస్తే 20.10 పక్కన వాడి మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ కార్డు అడ్రస్, కనిపించింది. ఏఆర్‌పీకి జవాబిచ్చి పింగ్‌కి ఇవ్వట్లేదంటే అది విండోస్ ఫైర్‌వాల్. ఊరూపేరూ లేని నెట్‌వర్క్‌ని విండోస్ పబ్లిక్ కింద లెక్కేసి బయటి పింగ్‌లను అడ్డుకుంటుంది. ఇన్‌బౌండ్ రూల్స్‌లో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' కింద ఎకో రిక్వెస్ట్ (పింగ్) రూల్‌ని ఎనేబుల్ చేసి, నాది వేరే సబ్‌నెట్ కాబట్టి దాని స్కోప్‌లో 'లోకల్ సబ్‌నెట్' బదులు 'ఎనీ ఐపీ అడ్రస్' పెట్టాను. వెంటనే వెళ్లింది. ఏఆర్‌పీలో మ్యాక్ ఉంటే కింద (కేబుల్, స్విచ్, వీల్యాన్) అంతా బాగున్నట్టేనని నోట్‌బుక్‌లో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాను.

బుధవారం

ఆ రెండు గీతలే నా కొంప ముంచాయి.

ఆఫీసు నుంచి వచ్చి ఎనిమిదింటికి అన్నీ ఆన్ చేసి, 10, 20 మధ్య పింగ్ చూసుకున్నాను. బాగుంది. భోజనం చేసొచ్చి వీల్యాన్ 30 కలిపాను, నా రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) కోసం. దాన్ని రెండో స్విచ్‌లో గుచ్చి, రౌటర్‌లో సబ్ ఇంటర్‌ఫేస్ పెట్టి, స్విచ్‌ల మధ్య ట్రంక్ మీద 30ని కూడా అనుమతిద్దామని రెండువైపులా 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30' అని కొట్టాను. పై పలకలేదు. సరే, కొత్తది కదా అనుకున్నాను. చూస్తే రూమ్మేట్ లాప్‌టాప్ కూడా పలకట్లేదు.

వెంటనే 'షో ఏఆర్‌పీ'. 20.10 ఉంది, మ్యాక్ ఉంది. కింద బాగుందన్నమాట, మళ్లీ ఫైర్‌వాలే! వాడు స్నానానికి వెళ్తే వాడి ఫైర్‌వాల్ మొత్తం ఆపేశాను. అయినా చుక్కలే. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. పదిన్నర దాటాక గానీ ఆ ఏఆర్‌పీ లైనులో వయసు అనే గడి నా కంట పడలేదు. 127 అని ఉంది. నిమిషాలు. అంటే అది నేను భోజనానికి వెళ్లకముందు నేర్చుకున్న మ్యాక్. సిస్కో రౌటర్ ఏఆర్‌పీ ఎంట్రీని మామూలుగా 4 గంటలు దాచుకుంటుంది. అవతల మనిషి ఊరొదిలి పోయినా అడ్రస్ పుస్తకంలో పేరు అలాగే ఉంటుంది. 'క్లియర్ ఏఆర్‌పీ' కొట్టి మళ్లీ పింగ్ చేస్తే ఈసారి మ్యాక్ స్థానంలో 'ఇన్‌కంప్లీట్' అని వచ్చింది. ఏ మ్యాక్ ఏ పోర్టులో ఉందో రాసుకునే స్విచ్ మ్యాక్ టేబుల్ ఇంత మొండిది కాదు, 300 సెకన్లు చప్పుడు లేకపోతే మరిచిపోతుంది. మొదటి స్విచ్‌లో చూస్తే వాడి మ్యాక్ లేనే లేదు. గొడవ రౌటర్‌లోనూ కాదు, విండోస్‌లోనూ కాదు, ట్రంక్‌లో.

'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' కొడితే అలౌడ్ అన్న చోట 30 ఒక్కటే ఉంది. నేను కొట్టిన కమాండ్‌లో 'యాడ్' అన్న మాట లేదు. యాడ్ లేకపోతే అది ఉన్న లిస్టుకి కలపదు, లిస్టునే మార్చేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఇదే పని ఏ కంపెనీ స్విచ్ మీదో పట్టపగలు చేసి ఉంటే ఫ్లోర్ మొత్తం లేచి నా డెస్క్ చుట్టూ నిలబడేది. 'అలౌడ్ వీల్యాన్ యాడ్ 10,20' అని రెండు వైపులా కొట్టాక రూమ్మేట్ లాప్‌టాప్ పలికింది.

పై ఇంకా పలకలేదు. ఈసారి తొందరపడకుండా ఆ ట్రంక్ అవుట్‌పుట్టునే నిదానంగా చదివాను. అందులో ఒకదాని కింద ఒకటి మూడు లిస్టులుంటాయి: అనుమతించినవి, అనుమతించి ఈ స్విచ్‌లో బతికున్నవి, స్పానింగ్ ట్రీ (లూపులు రాకుండా చూసేది) ఫార్వర్డ్ చేస్తున్నవి. మొదటి స్విచ్‌లో 30 మొదటి లిస్టులో ఉంది, రెండో దాంట్లో లేదు. రెండో స్విచ్‌లో పై పోర్టును 30లో పెట్టగానే అది తనంతట తానే వీల్యాన్‌ని సృష్టించుకుంది. మధ్యలో ఉన్న మొదటి స్విచ్‌కు ఆ పోర్టు లేదు, ట్రాన్స్‌పరెంట్ కాబట్టి వీటీపీ కూడా చెప్పదు. 'వీల్యాన్ 30' అని ఒక్క లైను కొట్టాను. రెండో లిస్టులోకి వచ్చింది. మూడో దాంట్లోకి రావడానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత పై నుంచి రిప్లై. అప్పటికి పన్నెండు కావస్తోంది. 'రైట్ మెమరీ' రెండుసార్లు కొట్టి పడుకున్నాను.

గురువారం

మధ్యాహ్నం రూమ్మేట్ మెసేజ్: "రేయ్, నా లాప్‌టాప్ ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉందని ఎర్రగా చూపిస్తోంది. నువ్వేనా?"

సాయంత్రం మళ్లీ ఆన్ చేశాను. ఎకో రూల్ అలాగే ఉంది, మూడు వీల్యాన్‌ల మధ్యా పింగ్ వెళ్తోంది. నోట్‌బుక్‌లో ఆ రెండు గీతల వాక్యం పక్కన 'వయసు చూడు, లేదా ముందు క్లియర్ చెయ్' అని ఇరికించాను. తర్వాతి పని రూటింగ్ కూడా చేయగల 3560 స్విచ్ తెచ్చి, రౌటర్ లేకుండా ఎస్‌వీఐలతో (స్విచ్ లోపలే వీల్యాన్‌కొక గేట్‌వే) ఇదే చేయడం. అందులో 'ఐపీ రూటింగ్' కమాండ్ మరిచిపోతే ఏమవుతుందో చూడాలి. రూమ్మేట్ మాత్రం ఆదివారం బిర్యానీ ఇప్పిస్తే తప్ప లాప్‌టాప్ ముట్టుకోనివ్వనంటున్నాడు.