నాలుగూ నూట పదిహేను

కావలి గాడు (మనకి ఊరి పేర్లే పేర్లు కదా) నాలుగుసార్లు ఫోన్ చేసి అడిగాడు, ఐదోసారి బెదిరించాడు. ఆదివారంలోపు రెండు పేజీలు పంపకపోతే మన సివిల్ ఇంజనీరింగ్ బ్యాచ్ కలిసే రోజుకి తెచ్చే సావనీర్‌లో నా పేరు కింద ఫేర్‌వెల్ నాటి ఫొటో వేస్తాడంట. ఏ ఫొటోనో మీకు తెలుసు. అందుకే రాస్తున్నా.

మెస్ సాంబారు గురించి, జనరేటర్ రూము వెనక సంగతుల గురించి, స్ట్రక్చర్స్ పరీక్ష రోజు గూడూరు వెలగబెట్టిన ఘనకార్యం గురించి ఎవరో ఒకరు రాయకపోరు. ఫస్టియర్ అంటే నాకు డ్రాయింగ్ షీటు మీద చెమట పడి గీతలు అలుక్కుపోవడం తప్ప ఏమీ గుర్తులేదు. సెకండియర్ అదీ లేదు. గుర్తున్నదల్లా 1987లో సంగం సర్వే క్యాంపు, అక్కడ మనతో ఉన్న బబుల్ సార్.

మన బ్యాచ్‌కి పడింది ఫ్లై లెవెలింగ్, అంటే చోటు చోటుకీ ఎత్తుల తేడా కొలుచుకుంటా పోవడం. పెన్న మీద పాత ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, కనిగిరి రిజర్వాయర్‌కి పోయే కాలవ గట్టెంట పోయి, మళ్లీ ఆనకట్టకే రావాలి. మొత్తం నాలుగు కిలోమీటర్లు. (మా ఊరి పేరు మీరెట్ట పెట్టుకున్నార్రా అని కనిగిరి గాడు క్యాంపు అయ్యేదాకా పోట్లాడాడు.) డంపీ లెవెల్ (మట్టంగా చూసే దుర్బిణి) దగ్గర నేను, ఫీల్డ్ బుక్‌లో రాసేది పొదిలి. వాడి అంకెలు అచ్చు వేసినట్టుండేవి కదా.

మొదలుపెట్టిన చోటికే వచ్చాం గనక తేడా సున్నా రావాలి, సాయంత్రం లెక్క కడితే 612 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది. 24 రూట్ కె (కె అంటే దూరం, కిలోమీటర్లలో) ప్రకారం మనకున్న వెసులుబాటు 48. పొద్దున్నే బుక్ సార్‌కి ఇవ్వాలి. అందరూ గుడి దగ్గరికి పోయారు, నేను లాంతరు ముందు కూర్చున్నా. ఒక బ్యాక్ సైట్ (వెనక పాయింటు మీద నిలబెట్టిన స్టాఫ్, అంటే కొలబద్ద, మీద చదివిన అంకె) 3.503 మీటర్లు ఉంటే రబ్బరుతో చెరిపి 4.115 చేశా. అంతే, సర్క్యూట్ సున్నాకి క్లోజయింది. పొదిలి నాలుగు వేసేటప్పుడు కింద తోక కాస్త వంచుతాడు, ఆ తోక కూడా దించా.

తెల్లారి సార్ బుక్ తిరగేసి, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, "ఎట్టొచ్చింది అబ్బయా సున్నా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. వేలు ఆ అంకె మీద ఆగింది.

"మన స్టాఫ్ ఎంత పొడుగు?"

"నాలుగు మీటర్లు సార్."

"మరి ఈ పదకొండున్నర సెంటీమీటర్లు ఎవరి తల మీద చదివినారు?"

తర్వాత మీరు నవ్విన నవ్వు నాకింకా వినపడతా ఉంది. రాత పొదిలిది కాబట్టి 'నాలుగూ నూట పదిహేను' అనే పేరూ పొదిలికే అంటుకుంది. వాడు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నేను నోరు తెరవలేదు.

సార్ తిట్టలేదు. చెప్పులు వదిలి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, స్టాఫ్ ఆయనే భుజాన వేసుకున్నారు. నాలుగు కిలోమీటర్లూ ఆ ఎండలో ఆయనే పట్టుకున్నారు, లెవెల్ చోటు మార్చే ప్రతి ఛేంజ్ పాయింట్ దగ్గరా "బబుల్ చూడబ్బయా" అని, లెవెల్‌లో గాలిబుడగ నడుమ ఉందో లేదో చూడమని కేకేస్తా. మధ్యాహ్నానికి తేడా 19 మిల్లీమీటర్లు. ఎర్ర ఇంకుతో 19 చుట్టూ సున్నా చుట్టి, కింద సంతకం పెట్టి, "ఇది మనది" అన్నారు. స్టాఫ్ పైముక్క క్లిప్పు వదులై ఎక్కడో కిందికి జారి ఉంటుందని తర్వాత ఆయనే కనిపెట్టారు.

నేను ఇరిగేషన్‌లో చేరి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) దాకా వచ్చాను. గొప్పకి చెప్పడం లేదు గానీ, పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో నా సంతకం కింద ఒక్క అంకె కూడా ఇంతవరకూ తప్పని తేలలేదు. ఏ కుర్ర ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అయినా సున్నా క్లోజింగ్ తెస్తే "ఎట్టొచ్చింది?" అనే మాటే ముందు నోటికొస్తుంది. 2022 సెప్టెంబర్ 6న సంగం బ్యారేజీ ప్రారంభం రోజు జనంలో వెనకాల నిలబడి 85 గేట్లూ ఒకటొకటిగా లెక్కపెట్టుకున్నా. మా అమ్మాయి కూడా సివిలే. డీజీపీఎస్ (శాటిలైట్లతో కొలిచే సాధనం) పెట్టి నిమిషాల్లో ఆర్‌ఎల్ (ఆ చోటి ఎత్తు) చెప్పేస్తుంది. లాంతరు కథ దానికి చెప్పా, మీకు చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది.

పొదిలీ, కలిసే రోజు నువ్వు ముందు వరసలో కూర్చో. స్టేజీ మీంచి ఎవడైనా "నాలుగూ నూట పదిహేను" అని పిలిస్తే నువ్వు లేవొద్దు. నేను లేస్తా.