జీరో చూపిస్తోందంటే సెన్సర్ బతికుందని కాదు

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల్లో గ్యాస్ డిటెక్టర్ల సర్వీసు నా పని. ఎక్కడికెళ్లినా షిఫ్ట్‌లో ఉన్న కుర్రాళ్లు అనేది ఒకటే: "అన్నా, డిస్‌ప్లేలో జీరోనే ఉంది, ఫాల్ట్ కూడా లేదు. ఇంక దీనికి చూసేదేముంది?"

ఆ జీరోని చూసే నాకు టెన్షన్. సాల్వెంట్ల దగ్గర పెట్టే డిటెక్టర్లలో చాలావాటికి ఉండేది క్యాటలిటిక్ సెన్సర్. లోపల రెండు చిన్న పూసలు, వాటిలో సన్నటి ప్లాటినం తీగ. ఒక పూసకు క్యాటలిస్ట్ పూత ఉంటుంది. మండే ఆవిరి తగిలితే అక్కడే మండి ఆ పూస వేడెక్కుతుంది, తీగ రెసిస్టెన్స్ పెరుగుతుంది. రెండో పూసతో వచ్చే ఆ తేడానే ట్రాన్స్‌మిటర్ 4 నుంచి 20 మిల్లీఆంపుల సిగ్నల్‌గా కంట్రోల్ రూముకి పంపుతుంది. 4 అంటే డిస్‌ప్లేలో జీరో, 20 అంటే ఫుల్ స్కేల్. తీగ తెగితే కరెంటు 4 కన్నా కిందికి పడి ఫాల్ట్ వస్తుంది. పూత చచ్చిపోతే మాత్రం ఏ ఫాల్టూ రాదు. మండేదేమీ లేదు కాబట్టి తేడా లేదు. గాలి శుభ్రంగా ఉన్నా 4, సెన్సర్ చచ్చినా 4.

ఈ మధ్య ఒక మందుల ఫ్యాక్టరీలో టోల్యూన్ ట్యాంకు పక్కనున్న డిటెక్టర్‌కి 50 శాతం ఎల్ఈఎల్ మీథేన్ ఇచ్చాను. ఎల్ఈఎల్ అంటే గ్యాస్ గాలిలో నిప్పంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు. 12 మిల్లీఆంపులు రావాలి. మీటర్‌లో ముల్లు లాగినట్టు మెల్లగా ఎక్కి, 6 దగ్గర ఆగింది. గ్యాస్ సిలిండర్ గడువు చూశాను, రెగ్యులేటర్ ఫ్లో చూశాను, క్యాలిబ్రేషన్ కప్పు సరిగ్గా పట్టిందో లేదో చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. సెన్సర్ ముందుండే సన్నటి రంధ్రాల సింటర్ డిస్క్ మీద దుమ్ము కూడా లేదు. "ఇక్కడ ఈ మధ్య ఏమైనా పని జరిగిందా తమ్ముడూ?" అంటే, షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు తలుపు బేరింగులకు స్ప్రే కొట్టారన్నాడు. డబ్బా తెప్పించి చూస్తే సిలికాన్ స్ప్రే. పూతకు అంతకు మించిన విషం లేదు.

"స్పాన్ పెంచేస్తే 12 వచ్చేస్తుంది కదన్నా" అని అడిగాడు. స్పాన్ అంటే గ్యాస్ ఇచ్చినప్పుడు రీడింగ్ సరిగ్గా వచ్చేలా సరిచేసే సెట్టింగ్. వస్తుంది. కానీ సగం చచ్చిన సెన్సర్‌కి గెయిన్ పెంచితే అంకె మారుతుంది గానీ ప్రాణం రాదు. మిగిలిన పూత కూడా పోయాక డిస్‌ప్లేలో మళ్లీ అదే జీరో. కొత్త సెన్సర్ వేసి, జీరో, స్పాన్ చేశాక అదే గ్యాస్‌కి 12 వచ్చింది.

ఆడిట్ ముందు రంగులేసేటప్పుడు సింటర్ మీద కూడా బ్రష్ తిప్పేస్తారు, దాన్ని చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆవిరి లోపలికి పోయే దారే అది. టోల్యూన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు కాబట్టి డిటెక్టర్ నేలకు దగ్గరగానే ఉంటుంది. ఫ్లోర్ కడిగే నీళ్లూ దాని మీదే పడతాయి. స్ప్లాష్ గార్డు ఊడిపోతే వెంటనే వేయించండి. వానాకాలంలో రీడింగ్ ఊగిసలాడుతుంటే సెన్సర్‌ని అనుమానించే ముందు మూత విప్పి టెర్మినల్స్ చూడండి. కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే గ్లాండ్ వదులైతే కేబుల్ వెంబడి నీళ్లు లోపలికి దిగుతాయి.

జీరో చేసేటప్పుడు కూడా సిలిండర్‌లోని జీరో ఎయిరే, అంటే శుభ్రమైన గాలే వాడండి. షెడ్డులో కాస్త సాల్వెంట్ వాసన ఉన్నప్పుడు ఆ గాలితోనే జీరో కొడితే, అప్పటికి ఉన్న ఆవిరిని లెక్కలోంచి తీసేసినట్టే. ఆ తర్వాత రీడింగ్ ఎప్పుడూ తక్కువే వస్తుంది.

టెస్ట్‌కి ముందు ఇన్‌హిబిట్ పెట్టడం, అంటే అలారాన్ని కాసేపు ఆపి ఉంచడం అందరికీ గుర్తుంటుంది, లేకపోతే హూటర్ మోగుతుంది కదా. తీయడమే మర్చిపోతారు. నేనైతే కంట్రోల్ రూమ్ వాళ్లు ఇన్‌హిబిట్ తీసేశామని, రీడింగ్ జీరోకి వచ్చిందని వాకీటాకీలో చెప్పేదాకా పర్మిట్ మీద సంతకం పెట్టను.