పులిలా కనిపించినా పులి కానిది: హోప్లోఫోనియస్

కత్తికోరల జంతువు అనగానే అందరికీ స్మైలోడాన్ గుర్తుకు వస్తుంది గానీ, నా అభిమానం మాత్రం దానికి ఎంతో ముందు, దాదాపు 3.5 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో తిరిగిన హోప్లోఫోనియస్ మీదే. ఈ ప్రజాతికి 1874లో అమెరికా శిలాజ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ ఆ పేరు పెట్టారు. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్యాడ్‌ల్యాండ్స్ అనే కోతకు గురైన బీడు నేలల్లో దీని శిలాజాలు దొరుకుతాయి.

దాని పుర్రెలో నన్ను కట్టిపడేసేది కింది దవడ. గడ్డం దగ్గర ఎముక ఇరువైపులా పలకగా కిందికి సాగి ఉంటుంది; పక్కల నుంచి నొక్కినట్లు పలచగా, అంచున సన్నని రంపపు పళ్లతో ఉండే పై కోరలు, నోరు మూసినప్పుడు ఒరలో కత్తిలా ఆ పలకల వెంబడి ఒదిగిపోతాయి. అంత పలచని కోర గట్టి ఎముకకు తగిలితే విరిగే ప్రమాదం ఉంది కనుక ఈ ఏర్పాటు నాకు మరీ అద్భుతంగా తోస్తుంది.

మొన్న బెంగళూరులో, బన్నేరుఘట్టలో పులిని చూస్తూ మా మేనకోడలు, "అత్తా, నువ్వు చెప్పే జంతువు దీనికి ముత్తాతా?" అని అడిగింది. కాదు. అది నిమ్రావిడే అనే వేరే కుటుంబానికి చెందినది. వేటాడే తీరులో పోలిక ఉండడం వల్ల రూపంలోనూ పోలిక వచ్చింది. తేడా తెలియాలంటే పుర్రె అడుగున, చెవి దగ్గర ఉండే ఎముక బుడిపెను చూడాలి: పిల్లి జాతిలో దాని లోపలి భాగాన్ని ఒక ఎముక గోడ రెండు గదులుగా విడదీస్తుంది, నిమ్రావిడ్‌లలో అటువంటి పూర్తి గోడ ఉండదు.