తరగతి గదిలో గొంగళి పురుగులను పెంచిన అనుభవం

మూడో తరగతిలో కీటకాల పాఠం వచ్చినప్పుడల్లా నేను నల్లబల్ల మీద చీమ బొమ్మ గీసి, తల, రొమ్ము, ఉదరం అని 3 భాగాలు గుర్తించి, 6 కాళ్లు లెక్కపెట్టించి పాఠం ముగించేవాడిని. పిల్లలు పరీక్షలో సరిగ్గానే రాసేవారు. అయితే మట్టితో చీమను చేయమంటే కాళ్లను పొట్టకు అంటించేవారు, 8 కాళ్ల సాలీడును కూడా కీటకమనే అనేవారు. బొమ్మ చూసి నేర్చుకున్నది కంటికి ఆనలేదని నాకు అర్థమై, ఒక ఏడాది నిమ్మచెట్టు ఆకుల మీద దొరికే సీతాకోకచిలుక పిల్లపురుగులను తరగతిలోనే పెంచాలని నిర్ణయించుకున్నాను.

మొదటి ప్రయత్నం నా తప్పు వల్లే పాడైంది. ఆకులు వాడిపోకూడదని వాటిని తడిపి, మూత బిగించిన సీసాలో ఉంచాను. రెండు రోజులకే సీసా లోపల చెమ్మ చేరి, ఆకులకు బూజు పట్టి, పురుగులన్నీ చనిపోయాయి. జరిగినది పిల్లలకు దాచకుండా చెప్పాను. రెండోసారి వెడల్పాటి డబ్బా మూతికి పలుచని గుడ్డ కట్టి, అడుగున కాగితం పరిచి, ఆ కాగితాన్ని రోజూ మార్చే పనిని పిల్లలకే వంతులవారీగా అప్పగించాను. నిమ్మకొమ్మను నీళ్లున్న చిన్న సీసాలో పెట్టి, పురుగులు జారి నీళ్లలో పడకుండా దాని మూతి చుట్టూ దూది కుక్కాము.

లేత పురుగును చూసి, ఆకు మీద పక్షి రెట్ట పడిందనుకొని ఒక పాప తుడిచేయబోయింది. నేను ఆమె చేయి ఆపి, పురుగును తినవచ్చిన పక్షికి కూడా అది అలాగే కనిపిస్తే ఏమవుతుందని అడిగాను. శత్రువు కన్నుగప్పడమంటే ఏమిటో ఆమె పొరపాటు చెప్పినంత బాగా నేను ఎంత వివరించినా చెప్పగలిగేవాడిని కాను. అదే పురుగు 4వ సారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారింది. మెత్తని కుంచెతో తాకగానే దాని తల వెనుక నుంచి నారింజ రంగులో రెండు పాయల కొమ్ము బయటికి వచ్చి, ఘాటైన వాసన వ్యాపించడంతో, శత్రువును బెదరగొట్టే పద్ధతి ఏమిటో వేరుగా చెప్పవలసిన అవసరం లేకపోయింది.

అప్పుడే అసలు చిక్కు వచ్చింది. భూతద్దంతో చూస్తున్న ఒక అబ్బాయి, "సార్, దీనికి 16 కాళ్లున్నాయి, ఇది కీటకం కాదు" అన్నాడు. ముందున్న 3 జతలు మాత్రమే కీళ్లున్న నిజమైన కాళ్లనీ, వెనుకనున్న 5 జతలు ఆకును పట్టుకోవడానికి ఉపయోగపడే మెత్తని బుడిపెలనీ నేను వెంటనే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నల్లబల్ల మూలన "16" అని రాయించి, పురుగు పెద్దదయ్యేదాకా దానిని చెరపవద్దన్నాను.

తరువాత ఆ పురుగు నడుము చుట్టూ పట్టుదారం కట్టుకొని ప్యూపాగా, అంటే పెంకులో కదలకుండా ఉండే దశలోకి, మారింది. పైకి కదలిక కనిపించని ఆ రోజులలో పిల్లల ఓపిక సడలుతుందని భయపడ్డాను గాని, వారు రోజూ బడికి రాగానే ముందుగా డబ్బా దగ్గరకే వెళ్లేవారు. ఒక ఉదయం దాని పెంకు చీలి, ముడతలు పడిన రెక్కలతో సీతాకోకచిలుక బయటికి వచ్చింది. కింది కాగితం మీద ఎర్రటి చుక్కలు పడితే రక్తమని ఇద్దరు పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ప్యూపాగా ఉన్నప్పుడు లోపల చేరిన వ్యర్థమే అలా బయటికి వస్తుందని చెప్పి వారిని ఊరడించాను. ఈలోగా శరీరంలోని ద్రవం రెక్కల ఈనెల గుండా పారి, అవి మా కళ్లముందే విచ్చుకున్నాయి.

ఆ అబ్బాయి మాత్రం రెక్కల వైపు చూడలేదు. భూతద్దం పట్టుకొని కొమ్మకు వేలాడుతున్న దాని కాళ్లను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, అవన్నీ రొమ్ము భాగానికే ఉన్నాయని పక్కవాడికి వేలితో చూపించి, బల్ల దగ్గరకు వెళ్లి "16" పక్కన "6" అని రాశాడు.