ఫ్లాయిడ్ రోజ్‌తో ఒక సాయంత్రం

ఫ్లాయిడ్ రోజ్ లాంటి లాకింగ్ ట్రెమొలో (తీగలను రెండు చివరలా బిగించి పట్టే, ఊగే బ్రిడ్జి) ఉన్న గిటారుకు ఇంటోనేషన్, అంటే మెడ పొడవునా స్వరాలు సరైన శ్రుతిలో పలకడం, సరిచేయడమంటే ఓపికకు పరీక్షే. మామూలు బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే భాగం) అయితే స్క్రూ తిప్పితే శాడిల్ (దాని మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) జరుగుతుంది. ఇక్కడ ఆ సుఖం లేదు. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర లాక్ విప్పి, తీగ వదులు చేసి, శాడిల్‌ను పట్టి ఉంచిన అలెన్ స్క్రూ సడలించి, చేత్తో జరిపి, బిగించి, మళ్లీ శ్రుతి చేయాలి. అప్పుడు 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీ) దగ్గర నొక్కిన స్వరాన్ని హార్మోనిక్‌తో (అక్కడే తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి పలికించే స్వరంతో) పోల్చాలి. హెచ్చుగా పలికితే శాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకు.

పైగా స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి! ఒక తీగ వదిలితే, ఉమ్మడి కుటుంబంలో ఒకరు అలిగినట్టు, మిగతా ఐదింటి శ్రుతీ మారిపోతుంది. వెనుక ట్రెమొలో దిమ్మ కదలకుండా చెక్కముక్క దూర్చాకే పని సాగింది.

పాత తీగల మీద చేసిన ఇంటోనేషన్‌ను నేను నమ్మను, కొత్తవి వేశాకే మొదలుపెట్టాను. మూడో తీగ మాత్రం ఇంకా మొండికేస్తోంది.